ఇరవై రెండో సాలు

సోయా పువ్వు నా చిటికెన గోరుల సగం.
విచ్చుకోక ముందే, రెక్కల లోపల్నే
తనతోని తానే పెండ్లి చేసుకుంటది.
అందుకే మేము ఏడు కాకముందే మడిల ఉంటం,
రాత్రి వాన తడి ఆరకముందు,
ఆదిలాబాద్ బస్సు జైనథ్ దాటకముందు.

తొడసం మోతీబాయికి కండ్లద్దాలు లేవు.
చిమ్టా పడితే చెయ్యి వణకదు.
మొగ్గ నడుం పట్టి
ఐదు రెక్కలు, పది కేసరాలు
పేను తీసినంత నిమ్మళంగ తీస్తది.
అవతలి మడి నుంచి తెచ్చిన పువ్వుతోని
ఒక్కసారి అట్ల తాకిస్తది,
పసిపిల్లకు దిష్టిచుక్క పెట్టినట్టు.
ఆ మీద ఎర్రదారం.
నేను చీటీ మీద తేదీ రాస్త.
ఆమెకు చీటీతోని పని లేదు,
తల్లి ఎవరో ముడిని చూసి చెప్తది.
వందకు ఏడు నిలిస్తే మాకు ఆ రోజు పండుగ.

వచ్చిన కొత్తల అడిగింది:
"ఈ రెండు ఒక్క సగ్గనా, వేరే సగ్గనా?"
ఒకే లెక్క దేవర్లను మొక్కేటోళ్ల నడుమ
వాళ్లల్ల పెండ్లి కుదరదు.
నేను నవ్విన.
రెహానా మేడం నవ్వలె.
గొడుగు పక్కకు వెట్టి గట్టు మీద కూసున్నది.
మన రకాలు పేర్లకే అన్నన్ని,
వెనుకకు పోతే నలుగురైదుగురు తాతలే, అన్నది.
మోతీబాయి దారం కొరుకుకుంట,
"మరి గందుకే గదా
పల్లాకు వస్తే ఊరు ఊరంత పసుపు పూసుకున్నది."

ఇప్పుడు లేత ఆకును షర్టు గుండీ అంత కోసి
ఐసు డబ్బల వెట్టి హైదరాబాద్ పంపుతం.
పది దినాలకు ఫోన్ల ఫొటో వస్తది:
నల్లటి పలక, దాని మీద తెల్లటి గీతలు,
వానకాలం గోడ మీద నత్తలు పాకిన జాడ.
గీత ఉన్నది ఉంచు, లేనిది పీకు.
నాలుగేండ్లకు తెలిసేది నెలకే తెలుస్తది.
తెలిసినా, పీకేటప్పుడు నాకు చెయ్యి రాదు.
నిండ పూసి ఉంటది.
దాని తప్పు ఏమున్నది?

బేలల మా బామ్మర్ది గజానన్ చేను
కోతకొచ్చి నాలుగు రోజులు నిలబడ్డది, మిషన్ దొరకక.
మిట్టమధ్యాహ్నం గట్టు మీద కూసొని విన్నడు.
పట్.
పట్ పట్.
వినుకుంటనే లెక్క కట్టిండు,
ఎకరానికి రెండు క్వింటాళ్లు మన్నుల కలిసినయని.

ఆ చప్పుడునే మేము ఓవెన్ల వింటం.
సాలుకు యాభై కాయలు, రాత్రంత వేడి.
పొద్దుగాల పగిలినవి లెక్కపెట్టి రిజిస్టర్ల రాస్త:
పదిహేడో సాలు, ముప్పై ఆరు.
పంతొమ్మిది, నలభై.
ఇరవై రెండు
సున్న.
నమ్మక మల్ల పెట్టినం. మల్ల సున్న.
మేడం అందరికి చాయ్ తెప్పించింది.
మోతీబాయి ఓవెన్ తలుపుకు చెవి ఆనించి
చానసేపు నిలబడ్డది.
"పగలకపోతే
ఇది పిల్లల్ని ఎట్ల ఇసురుకుంటది?"
"మనం ఇసురుతం గదా."
"మనం మర్చిపోతే?"
నా చాయ్ చల్లారింది.

ఈ ఏడు ఆగస్టుల
ఇరవై రెండో సాలు, మూడో ఆకు మీద
శెనగబద్దంత పసుపు మచ్చ.
ఆదివారం కల్ల సాలంత.
తెల్లదోమకు మా రిజిస్టర్ చదువ రాదు.

గజానన్ ఫోన్ చేసిండు:
"బావా, గా పగలని ఇత్తనం ఎప్పుడొస్తది?"
ఆరేడేండ్లు అనే మాట నోటిదాక వచ్చింది.
"మీ దిక్కు వాన పడ్డదా?" అని అడిగిన.

కంచె పక్కన అడివి సోయా మడి ఒకటున్నది.
నేల మీద పాకే తీగ, ఆవగింజకు అక్క లాంటి నల్లగింజ.
ముట్టుకుంటే పగులుతది.
ఎవరింటికీ చుట్టం కాదు.
చుట్టూ అంత పసుపైనా
అది మాత్రం పచ్చగనే ఉన్నది.

మోతీబాయి అటే చూస్తున్నది.
కొత్త దారం, ఈసారి నీలం,
పండ్లతోని తెంపి కొంగుకు చుట్టుకున్నది.
"దీని ఇంటికి పోయి అడుగుదాం పా" అన్నది.

ఇంకా ఏడు కాలె.
మొగ్గ విచ్చుకోలె.